హిస్టమిన్ రిసెప్టర్లపై మందులు: హెచ్4 ఎందుకు ఇంకా మందుగా మారలేదు?

విశాఖపట్నంలో ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం ఫార్మకాలజీ చదువుతున్న విద్యార్థిని ఒకరు అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. అలర్జీలో, వాపులో శరీరం విడుదల చేసే రసాయనం హిస్టమిన్; అది అతుక్కుని పనిచేసే కణాలమీది ప్రొటీన్లే దాని రిసెప్టర్లు. వాటిలో హెచ్1 రిసెప్టర్‌పై పనిచేసే మందులు అలర్జీలో, హెచ్2పై పనిచేసేవి కడుపులోని ఆమ్లం విషయంలో బాగా పనికొచ్చాయి. వాపు ప్రక్రియ ప్రధానంగా ఉండే వ్యాధులకు హెచ్4 రిసెప్టర్ సరైన లక్ష్యమని పాఠ్యపుస్తకాలు చెబుతున్నాయి. అయినా అది బయటపడి ఇరవై ఏళ్లు దాటినా ఒక్క మందు కూడా ఎందుకు రాలేదు? ఆమె రూపొందించిన కొన్ని అణువులకు డాకింగ్‌లో, అంటే అణువు రిసెప్టర్‌లో ఎలా అమరుతుందో కంప్యూటర్‌లో అంచనా వేసే పద్ధతిలో, మంచి స్కోరు వచ్చింది కాబట్టి దీన్నే ప్రాజెక్టుగా తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. అయితే ప్రాజెక్టును అణువుతో మొదలుపెట్టవద్దని నా సలహా. హెచ్4ను అడ్డుకునే అణువులు దొరకక ఈ రంగం ఆగలేదు. బలంగా, ఎంపికగా అతుక్కునే అణువులు మొదటి రెండు మూడేళ్లలోనే దొరికాయి. ఏ వ్యాధిలో, ఏ దశలో, ఎలాంటి రోగిలో హిస్టమిన్ ఈ రిసెప్టర్ ద్వారా వాపును నిజంగా నడిపిస్తోందన్నది మనుషుల్లో తేలకముందే వాటిని క్లినికల్ ట్రయల్స్‌కు తీసుకెళ్లారు. హెచ్1, హెచ్2 మందుల చరిత్రతో పోల్చి చూస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి అక్కడి నుంచే వస్తాను.

హిస్టమిన్‌ను 1907లో విండాస్, వోగ్ట్ ప్రయోగశాలలో తయారుచేశారు. 1910లో హెన్రీ డేల్, పాట్రిక్ లైడ్‌లా దాని ప్రభావాలను వర్ణించారు: పేగు కండరం ముడుచుకుంటుంది, రక్తపోటు పడిపోతుంది, గినీ పిగ్‌లో శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. 1937లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డానియెల్ బోవే, ఆన్ మరీ స్టాబ్ ఆ ప్రభావాలను అడ్డుకునే మొదటి పదార్థాలను కనుగొన్నారు. అవి విషపూరితమైనవి కావడంతో రోగులకు ఇవ్వలేకపోయారు గానీ, 1942 నాటికి వాడదగిన మందు వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోపే మెపిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ వంటివి వైద్యుల చేతికి అందాయి. బోవేకు 1957లో నోబెల్ బహుమతి లభించింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: అప్పటికి రిసెప్టర్ ప్రొటీన్‌ను ఎవరూ చూడలేదు. దాని నిర్మాణం, జన్యువు సంగతి అటుంచి, హిస్టమిన్‌కు ఒకటికంటే ఎక్కువ రిసెప్టర్లు ఉన్నాయని కూడా నిర్ధారణ కాలేదు. వారి చేతిలో ఉన్నది కొలవగలిగిన ప్రభావం ఒక్కటే.

ఆ కొలత ఎలాంటిదో మన ఫార్మసీ కళాశాలల్లో ఒకప్పుడు ప్రతి విద్యార్థీ చేతులారా చేసి తెలుసుకునేవారు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్ తెరమీదనే చూస్తున్నారు. గినీ పిగ్ చిన్నపేగు చివరి భాగం నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ముక్క తీసి, లోపలి పదార్థాన్ని మెల్లగా కడిగేసి, రెండు కొసలకూ దారం కట్టి, 37 డిగ్రీల వద్ద ఉంచిన టైరోడ్ అనే లవణ ద్రావణంలో వేలాడదీస్తారు. అడుగు నుంచి గాలి బుడగలు వస్తూ ఉంటాయి. కణజాలం కుదుటపడే వరకు అరగంటకు పైగా ఆగాలి. ఆ ఓపిక లేకపోతే తర్వాత వచ్చే అంకెలన్నీ తప్పే. తర్వాత హిస్టమిన్ కొద్దిగా కలిపితే కొన్ని సెకన్లలోనే ముక్క ముడుచుకుని లీవరును లాగుతుంది. కడిగేస్తే మళ్లీ సడలుతుంది. మోతాదు పెంచుతూ పోతే ఒక వక్రరేఖ వస్తుంది. హెచ్1 మందైన క్లోర్‌ఫెనిరమిన్ కలిపి అదే ప్రయోగం మళ్లీ చేస్తే రేఖ మొత్తం కుడివైపుకు జరుగుతుంది, గరిష్ఠ ఎత్తు మాత్రం తగ్గదు. మందు రిసెప్టర్ దగ్గర హిస్టమిన్‌తో పోటీ పడుతోందనీ, హిస్టమిన్ పెంచితే ఆ పోటీని దాటవచ్చనీ ఈ ఒక్క బొమ్మ చెబుతుంది.

మనుషుల్లోనూ ఇలాంటి కొలత ఉంది. అలర్జీ పరీక్షలో ముంజేతి లోపలివైపు ఒక చుక్క హిస్టమిన్ ద్రావణం వేసి సన్నని లాన్సెట్‌తో గుచ్చుతారు. పదిహేను నిమిషాల్లో అక్కడ పాలిపోయిన బుడిపె, దాని చుట్టూ ఎర్రదనం వస్తాయి. బుడిపె అంచున బాల్‌పెన్నుతో గీత గీసి, దానిమీద పారదర్శకమైన టేపు అంటించి తీసి, కాగితంమీద అతికించి వ్యాసం కొలుస్తారు. అదే వ్యక్తి ముందురోజు రాత్రి సెట్రిజిన్ మాత్ర వేసుకుని వస్తే ఆ బుడిపె సరిగా లేవదు. అందుకే అలర్జీ పరీక్షకు దాదాపు వారం ముందు నుంచే ఈ మాత్రలు ఆపమంటారు. కొత్త హెచ్1 మందు చేసేవారికి ఇది గొప్ప వరం. ఆరోగ్యవంతుడైన ఒక వాలంటీరులో, ఒక్క పూటలో, మందు చర్మానికి చేరిందా, రిసెప్టర్‌ను మూసిందా, ఎన్ని గంటలు పనిచేసింది అన్నీ తెలిసిపోతాయి. ఏ మోతాదు ఇవ్వాలో ఊహించాల్సిన పని లేదు.

దీనికి తోడు దద్దుర్లు, అలర్జీ తుమ్ములు, కంటి దురద వంటి వ్యాధుల్లో హిస్టమిన్ నిజంగానే ప్రధాన పాత్రధారి. మాస్ట్ కణాలనే రక్షణ వ్యవస్థ కణాల్లో హెపారిన్‌తో కలిసి రేణువుల్లో నిల్వ ఉన్న హిస్టమిన్ ఒక్కసారిగా బయటపడి, చిన్న రక్తనాళాల గోడల్లో సందులు ఏర్పరచి, ద్రవాన్ని కణజాలంలోకి వదులుతుంది. నరాల కొసలను తాకి దురద పుట్టిస్తుంది. లక్ష్యం, వ్యాధి, కొలత మూడూ ఒకే వరసలో నిలబడ్డాయి. దీర్ఘకాలిక దద్దుర్లలో మామూలు మోతాదు చాలకపోతే నిద్రమత్తు కలిగించని రెండోతరం మాత్రను వైద్యుల పర్యవేక్షణలో నాలుగు రెట్ల వరకు పెంచవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు అంటున్నాయి. అప్పటికీ తగ్గకపోతే ఒమాలిజుమాబ్ వంటి ఇంజెక్షన్ వైపు వెళ్తారు.

ఈ వరస ఎక్కడ చెదిరితే అక్కడ హెచ్1 మందులు కూడా విఫలమయ్యాయి. ఆస్తమా రోగి శ్వాసనాళంలో హిస్టమిన్‌తో పాటు ల్యూకోట్రయీన్లు, ప్రోస్టాగ్లాండిన్ డి2, అనేక సైటోకైన్లు వంటి ఇతర వాపు రసాయనాలు కలిసి పనిచేస్తాయి. ఒక్క హిస్టమిన్‌ను ఆపితే ఒరిగేది చాలా తక్కువ. అనాఫిలాక్సిస్‌లో, అంటే ప్రాణం మీదికి వచ్చే తీవ్ర అలర్జీలో అయితే తొడ కండరానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వడమే మొదటి చికిత్స. ముందు అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఆగడం ప్రాణాంతకం. ఫార్మసీ చదివే ప్రతి ఒక్కరూ తమ ఇంట్లోవారికి, ఇరుగుపొరుగుకు ఈ మాట చెప్పాలని నా విన్నపం.

మన విశాఖ సంగతే చూడండి. సముద్రపు తేమ, చెమట వల్ల ఏడాదిలో చాలా నెలలు చర్మవ్యాధులు ఎక్కువగా ఉండే ఊరు ఇది. తామర, గజ్జి, ఎగ్జిమా, సోరియాసిస్ ఏదైనా సరే, మెడికల్ షాపుకు వెళ్లి "దురదకు మాత్ర ఇవ్వండి" అంటే సెట్రిజిన్ చేతిలో పెడతారు. తామరకు ఫంగస్‌ను చంపే మందు, గజ్జికి పురుగును చంపే మందు కావాలి. ఎగ్జిమా దురదలో ఇంటర్‌ల్యూకిన్ 31, 4, 13 వంటి సంకేతాల పాత్ర పెద్దది. పాతతరం మాత్రలు నిద్రపుచ్చడం వల్ల రాత్రి గోకడం తగ్గినట్టు కనిపిస్తుందే తప్ప, దురద మూలం అలాగే ఉంటుంది. హెచ్1ను పూర్తిగా మూసినా ఎగ్జిమా దురద తగ్గకపోవడమే హెచ్4 మీద ఆశ పెట్టుకోవడానికి ఒక ముఖ్య కారణమయింది.

అక్కడికి వెళ్లేముందు హెచ్1 మందుల మెరుగుదలలో రెండు మలుపులు మీరు తెలుసుకోవాలి. పాతతరం మందులు మెదడులోకి సులువుగా వెళ్లి అక్కడి హెచ్1ను కూడా మూసేవి. మెదడులో హిస్టమిన్ మెలకువను నిలిపే పదార్థం కాబట్టి మత్తు వచ్చేది. రెండోతరం అణువులు రక్తం, మెదడు మధ్యనున్న అడ్డుగోడను అంత తేలిగ్గా దాటవు; వాటిలో కొన్నింటిని అక్కడి పీ గ్లైకోప్రొటీన్ అనే పంపు బయటికి నెట్టేస్తుంది. రెండో మలుపు టెర్ఫెనాడిన్. మత్తులేని మొదటి మందుగా ఎంతో పేరు తెచ్చుకున్న ఇది గుండెకణాల్లోని హెర్గ్ అనే పొటాషియం మార్గాన్ని మూయగలదు. మామూలుగా కాలేయం దాన్ని వెంటనే మార్చేయడం వల్ల రక్తంలో మిగిలేది కాదు. ఎరిత్రోమైసిన్, కీటోకోనజోల్ వంటివి ఆ కాలేయ ఎంజైమును అడ్డుకున్నప్పుడు మాత్రం పేరుకుపోయి, ప్రాణాంతకమైన గుండె లయ దోషం తెచ్చింది. చివరికి మార్కెట్ నుంచి తొలగించారు. అదే టెర్ఫెనాడిన్ శరీరంలో మారగా ఏర్పడే ఫెక్సోఫెనాడిన్‌కు ఆ దోషం లేదు. 1996లో దానికే అమెరికాలో అనుమతి వచ్చింది. ఇందులో తప్పు రిసెప్టర్‌ది కాదు, అణువుది. ఈ రెండింటినీ విడదీసి చూడగలగడం ఔషధ పరిశోధకునికి అన్నింటికంటే ముందు కావాల్సిన గుణమని నేను భావిస్తాను.

హెచ్2 కథలో ఇది ఇంకా చక్కగా కనిపిస్తుంది. 1966లో ఆష్, షిల్డ్ ఇద్దరూ మెపిరమిన్ వంటి మందులు పేగు ముడుచుకోవడాన్ని అడ్డుకుంటున్నా, కడుపులో ఆమ్లం ఊరడాన్ని అడ్డుకోవడం లేదన్న సంగతిని ఆధారం చేసుకుని, మొదటిదానికి హెచ్1 అని పేరు పెట్టి వేరే రిసెప్టర్ ఉండాలన్నారు. జేమ్స్ బ్లాక్ బృందం హిస్టమిన్ అణువునే కొద్దికొద్దిగా మారుస్తూ 1972లో బురిమమైడ్ అనే అణువుతో హెచ్2ను నిరూపించింది. బురిమమైడ్ నోటి ద్వారా సరిగా పనిచేయలేదు. తర్వాతి మెటియమైడ్ బాగా పనిచేసింది గానీ కొందరు రోగుల్లో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా తగ్గిపోయాయి. ఆ బృందం హెచ్2ను వదిలేయలేదు. అణువులోని థయోయూరియా భాగాన్ని అనుమానించి, దాని స్థానంలో సయనోగ్వానిడిన్‌ను పెట్టింది. అదే సిమెటిడిన్, 1976లో బ్రిటన్‌లో విడుదలైంది, అల్సర్ చికిత్స స్వరూపమే మారిపోయింది. బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. ఇక్కడ కూడా కడుపులో గొట్టం వేసి ఆమ్లాన్ని నేరుగా కొలవగలిగారు కాబట్టి మనుషుల్లో మోతాదు విషయంలో సందేహం లేకపోయింది.

హెచ్3 గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 1983లో ఫ్రాన్స్‌లో ఆరాంగ్, గార్బార్గ్, ష్వార్ట్జ్ దీన్ని మెదడులో గుర్తించారు; నరాల కొసల నుంచి హిస్టమిన్ విడుదలను తగ్గించే రిసెప్టర్ ఇది. జన్యువు 1999లో దొరికింది. దీనిపై పనిచేసే పిటోలిసాంట్ నార్కొలెప్సీకి (పగలు ఆపుకోలేని నిద్ర వచ్చే వ్యాధికి) 2016లో ఐరోపాలో అనుమతి పొందింది. వాపు వ్యాధులకు ఇది ప్రధాన లక్ష్యం కాదు.

హెచ్3 జన్యువు దొరకగానే దానిని పోలిన వరసల కోసం మానవ జన్యు సమాచారంలో వెతికారు. 2000, 2001 సంవత్సరాల్లో పలు బృందాలు దాదాపు ఒకేసారి హెచ్4ను పట్టుకున్నాయి. అంటే ఇది తిరగబడిన క్రమం. హెచ్1, హెచ్2 విషయంలో ముందు మనిషిలో ప్రభావం, తర్వాత మందు, ఎప్పటికో జన్యువు. హెచ్4 విషయంలో ముందు జన్యువు, తర్వాత మందు, ఆపైన వ్యాధి కోసం వెతుకులాట. ఆ క్రమం తప్పని నేను అనడం లేదు; ఈ రోజుల్లో చాలా లక్ష్యాలు అలాగే దొరుకుతున్నాయి. కానీ ఆ క్రమంలో వెళ్లేవారు మధ్యలో ఒక పెద్ద పని అదనంగా చేయాలి, అది సరిగా జరగలేదు.

హెచ్4 మీద ఆశ పుట్టడంలో అన్యాయం ఏమీ లేదు. అది ప్రధానంగా ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు), మాస్ట్ కణాలు, డెండ్రైటిక్ కణాలు, కొన్ని టీ కణాలు వంటి రక్షణ వ్యవస్థ కణాల్లో ఉంటుంది. హెచ్1తో పోలిస్తే చాలా తక్కువ గాఢతలో, నానోమోలార్ స్థాయిలోనే, హిస్టమిన్ దానికి అతుక్కుంటుంది. అందువల్ల ఒక్కసారిగా హిస్టమిన్ పొంగిన సందర్భాల్లోనే కాక, వాపు ఉన్న కణజాలంలో నెమ్మదిగా ఊరే కొద్దిపాటి హిస్టమిన్ కూడా దాన్ని ప్రేరేపించగలదు. ప్రేరేపితమైన ఇసినోఫిల్ ఆకారం మార్చుకుని, హిస్టమిన్ ఉన్న దిక్కుకు కదులుతుంది. అలర్జీని నడిపే టీహెచ్2 కణాల్లో ఇంటర్‌ల్యూకిన్ 31 పెరుగుతుందన్న పరిశీలన కూడా వచ్చింది. దురదకు, ఎగ్జిమాకు దీనితో నేరుగా సంబంధం ఉంది. 2003లో వెలువడిన జేఎన్‌జే 7777120 అనే అణువు మిగతా హిస్టమిన్ రిసెప్టర్లకంటే హెచ్4నే వెయ్యి రెట్లకు మించిన ఎంపికతో పట్టుకుంది. ఎలుకల్లో దురద, ఊపిరితిత్తుల వాపు తగ్గాయి. ఇంత చక్కని పనిముట్టు చేతికి రావడంతో వందల పరిశోధన పత్రాలు వచ్చాయి.

ఆ పత్రాలను చదివేటప్పుడు మీరు జాగ్రత్తగా ఉండాల్సిన అంశాలు కొన్ని ఉన్నాయి. ఎలుక హెచ్4కూ మనిషి హెచ్4కూ అమైనో ఆమ్లాల వరసలో పోలిక మూడింట రెండు వంతులే. మనిషి రిసెప్టర్‌ను ఆపే అణువు ఎలుక రిసెప్టర్‌ను కొన్ని పరీక్షల్లో పాక్షికంగా ప్రేరేపించినట్టు తేలింది. జేఎన్‌జే 7777120 అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పైగా అదే అణువు రిసెప్టర్ కణం లోపలికి పంపే జీ ప్రొటీన్ సంకేతాన్ని ఆపుతూనే, బీటా అరెస్టిన్ అనే మరో సంకేత ప్రొటీన్‌ను రిసెప్టర్ దగ్గరికి రప్పిస్తుందని 2011లో చూపించారు. ఇలాంటప్పుడు ఎలుకలో వాపు తగ్గిందంటే రిసెప్టర్ మూతపడటం వల్లనా, వేరే సంకేతం వల్లనా అని నిర్ణయించడం కష్టం. ఇక పాత పత్రాల్లో థియోపెరమైడ్ వాడి "ఇది హెచ్3 ప్రభావం" అని రాసిన ఫలితాలు కూడా మళ్లీ పరిశీలించాల్సినవే, ఎందుకంటే ఆ మందు హెచ్4ను కూడా అడ్డుకుంటుంది. రెండింటి కంటే ఇబ్బందికరమైనది యాంటీబాడీల సంగతి. కణజాలంలో హెచ్4 ఉందని చూపడానికి మార్కెట్లో దొరికే యాంటీబాడీలు వాడిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. హెచ్4 జన్యువే లేని ఎలుకల కణజాలంలో కూడా వాటిలో కొన్ని హెచ్4 ఉన్నట్టే అదే గీతను చూపించాయి. కాబట్టి "ఫలానా కణంలో హెచ్4 సమృద్ధిగా ఉంది" అన్న వాక్యం కనిపిస్తే, దాన్ని ఎలా చూపారో పద్ధతుల విభాగంలో చదవకుండా మీ సినాప్సిస్‌లో (ప్రాజెక్టు ప్రతిపాదనలో) రాయకండి.

ఇప్పుడు ట్రయల్స్. జేఎన్‌జే 7777120 శరీరంలో ఎక్కువసేపు నిలవదు, జంతువుల్లో అడ్రినల్ గ్రంథిపై దుష్ప్రభావం కనిపించింది. కాబట్టి మనుషుల దాకా రాలేదు. దాని తర్వాతి జేఎన్‌జే 39758979 ఆరోగ్యవంతుల్లో హిస్టమిన్ వల్ల పుట్టే దురదను తగ్గించింది. జపాన్‌లో ఎగ్జిమా రోగుల్లో పరీక్షిస్తుండగా ఇద్దరిలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు తీవ్రంగా పడిపోవడంతో ట్రయల్‌ను మధ్యలో ఆపేశారు. మెటియమైడ్ గుర్తొచ్చిందా? ఇక్కడా అది హెచ్4 మూతపడటం వల్ల కాక ఆ అణువు వల్లనే వచ్చి ఉంటుందని పరిశోధకులు భావించారు. వేరే నిర్మాణమున్న టోరెఫొరాంట్‌ను కీళ్లవాతంలో, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో పరీక్షించారు. మొదటి ట్రయల్‌ను ఒక రోగి మరణం తర్వాత ముందుగానే ముగించారు. ఉన్న సమాచారాన్ని తర్వాత విశ్లేషిస్తే కొంత మేలు ఉన్నట్టు తోచింది. పద్ధతిగా చేసిన తర్వాతి ట్రయల్‌లో ప్లాసిబో (మందులేని ఉత్తుత్తి మాత్ర) కంటే మెరుగ్గా లేదు. ఇసినోఫిలిక్ ఆస్తమాలో ప్రయోజనం కనబడలేదు. సోరియాసిస్‌లో ఓ మాదిరి ప్రభావం ఉన్నా ముందుకు తీసుకెళ్లేంత కాదు.

అందరినీ ఉత్సాహపరిచింది జెడ్‌పీఎల్ 389 అనే మరో హెచ్4 అణువు. మధ్యస్థ, తీవ్ర ఎగ్జిమా ఉన్న పెద్దవారికి రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది వారాలు ఇస్తే వ్యాధి తీవ్రత స్కోరు 50 శాతం తగ్గింది; ప్లాసిబో వర్గంలో 27 శాతమే. 2019లో ఈ ఫలితం ప్రచురితమైంది. అయితే అందులోనే ఒక హెచ్చరిక ఉంది: దురద తగ్గడంలో మందుకూ ప్లాసిబోకూ గణనీయమైన తేడా రాలేదు. దురదను ఆపడమే హెచ్4 సిద్ధాంతానికి మూలస్తంభమైనప్పుడు, చర్మం మెరుగై దురదలో తేడా లేకపోవడం ఆలోచింపజేయాల్సిన విషయం. పెద్ద ట్రయల్ పెట్టాక 2020లో ప్రభావం చాలలేదని నోవార్టిస్ కంపెనీ దాన్ని ఆపేసింది. ఇజుఫొరాంట్ అనే మరో హెచ్4 అణువు కూడా ఎగ్జిమాలో అనుకున్న లక్ష్యం చేరలేదు.

ఈ ఫలితాలను బట్టి రిసెప్టర్ పనికిరానిదని కొందరు తీర్మానిస్తున్నారు. నా అభిప్రాయం వేరు. కీళ్లవాతంలో హిస్టమిన్ ప్రధాన పాత్రధారి అనడానికి మనుషుల్లో బలమైన ఆధారం మొదటి నుంచీ లేదు. అక్కడ వైఫల్యం హెచ్4 గురించి చెప్పేదానికంటే వ్యాధి ఎంపిక గురించి ఎక్కువ చెబుతుంది. ఎగ్జిమా కొంత మెరుగైన ఎంపిక. కానీ ఎగ్జిమా ఒకే రకం వ్యాధి కాదు. అందరు రోగులనూ కలిపి సగటు తీసినప్పుడు, హిస్టమిన్ ముఖ్యమైన కొద్దిమందిలో వచ్చిన మేలు మిగతావారి అంకెల్లో కలిసిపోతుంది. ఆ కొద్దిమందిని ముందే గుర్తించే పరీక్ష ఎవరి దగ్గరా లేదు. ఈలోగా డుపిలుమాబ్, జానస్ కైనేజ్ నిరోధకాలు వంటి కొత్త ఎగ్జిమా మందులు వచ్చి ప్రమాణాన్ని బాగా పైకి లేపాయి. కొత్త మందు ఇప్పుడు ప్లాసిబోను ఓడిస్తే చాలదు. హెచ్1ను, హెచ్4ను కలిపి మూయడం జంతు ప్రయోగాల్లో ఒక్కొక్కటి విడిగా మూయడం కంటే మెరుగనిపించింది. ఆ దారి మనుషుల్లో ఇంకా సరిగా పరీక్షకు నిలవలేదని నా నమ్మకం.

మీ డాకింగ్ స్కోరు విషయానికి వస్తే, హెచ్1 స్ఫటిక నిర్మాణం డాక్సెపిన్‌తో కలిపి 2011లో వచ్చింది. మందులోని అమైన్ సమూహాన్ని రిసెప్టర్‌లోని 107వ అమైనో ఆమ్లమైన ఆస్పార్టేట్ పట్టుకుంటుందని, రెండోతరం మందుల కార్బాక్సిల్ సమూహానికి పైభాగంలోని లైసిన్‌లు ఆసరా ఇస్తాయని అందులో అర్థమైంది. హెచ్4లో ఆ పాత్ర 94వ ఆస్పార్టేట్‌ది, దానికి తోడు 182వ గ్లుటమేట్ ఉంది. మీ అణువు ఈ రెండింటినీ తాకకుండా మంచి స్కోరు తెచ్చుకుంటే ఆ భంగిమను అనుమానించండి. మీరు వాడిన నమూనా హెచ్4 క్రయో ఈఎం (ఘనీభవింపజేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసిన) నిర్మాణమా, హెచ్1 ఆధారంగా కంప్యూటర్‌లో కట్టుకున్నదా చూసుకోండి. ప్రేరేపిత స్థితిలోని నిర్మాణంమీద డాకింగ్ చేసి దొరికిన అణువును ఆపేదని పిలవడం కూడా పొరపాటే. స్కోరు బాగున్న అణువులను అమ్మకానికి దొరికే మాదిరులతో సరిపోల్చి, జేఎన్‌జే 7777120ను, దానికి దగ్గరి నిర్మాణమున్నా అతుక్కోని అణువులను కూడా అదే పద్ధతిలో నడపండి. మంచివాటిని, చెడ్డవాటిని మీ పద్ధతి వేరుచేయలేకపోతే మీ స్కోరుకు విలువ లేదు.

ఏడాది గడువులో కళాశాల స్థాయిలో చేయగలిగిన, ఈ రంగానికి నిజంగా పనికొచ్చే ప్రాజెక్టు ఇసినోఫిల్ ఆకార మార్పు పరీక్ష అని నేను సూచిస్తాను. హెచ్1కు చర్మంమీది బుడిపె ఎలాగో, హెచ్4కు ఇది అలాగ. దాత నుంచి తీసిన రక్తంలో హెచ్4ను ప్రేరేపించే ఇమెటిట్ వంటి పదార్థం కలిపి, ఇసినోఫిల్స్ ఎంత మారాయో ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా కొలిచే యంత్రంలో) చూస్తారు. మందు తీసుకున్న వ్యక్తి రక్తంలో ఆ మార్పు రాకపోతే రిసెప్టర్ మూతపడిందని అర్థం. ఇది రక్తంలో రిసెప్టర్ మూతపడిందని చెబుతుందే గానీ చర్మంలో వ్యాధి తగ్గుతుందని చెప్పదు. ఆ ఖాళీనే మీ ప్రశ్నగా మార్చుకోవచ్చు. ఎగ్జిమా రోగుల రక్తంలోని ఇసినోఫిల్స్ ఆరోగ్యవంతుల వాటికంటే హెచ్4కు ఎక్కువగా స్పందిస్తున్నాయా? రోగుల మధ్య ఎంత తేడా ఉంది? ఆ తేడాకు వ్యాధి తీవ్రతతో, రక్తంలోని ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీతో సంబంధం ఉందా? ప్రతి నమూనాలో హెచ్1, హెచ్2 నిరోధకాలు కలిపిన గొట్టాలు విడిగా ఉండాలి. లేకపోతే ఏ రిసెప్టర్ ప్రభావమో తేల్చలేరు. హెచ్4ను ప్రేరేపించే 4 మిథైల్ హిస్టమిన్‌ను వాడితే అది హెచ్2ను కూడా ప్రేరేపిస్తుందని గుర్తుంచుకోండి. రోగి ముందురోజు వేసుకున్న సెట్రిజిన్, స్టెరాయిడ్ మాత్రలు ఫలితాన్ని మార్చగలవు కాబట్టి మందుల వివరాలు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగి రాయాలి. రక్తం తీసిన తర్వాత ఎంతసేపట్లో గొట్టంలో కలపాలన్నది మొదటి వారంలోనే నిర్ణయించి, చివరి నమూనా వరకు మార్చకండి.

దీనికి మీ కళాశాల ఒక్కటే చాలదు. ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న కింగ్ జార్జ్ హాస్పిటల్ (కేజీహెచ్) వంటి పెద్ద ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంతో కలిసి పనిచేయాలి. ఫ్లో సైటోమీటర్ ఎక్కడ అందుబాటులో ఉందో మీ గైడ్ ద్వారా ముందుగా కనుక్కోవాలి. మనుషుల రక్తం తీసుకునే ప్రాజెక్టుకు సంస్థాగత నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి, రోగి సమ్మతి పత్రం తెలుగులో, వారికి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. కమిటీ సమావేశాలు మన వీలును బట్టి జరగవు. కాబట్టి ఈ వారమే గైడ్‌తో కూర్చుని, ఎంతమంది రోగులు, ఎంత రక్తం, ఏ ప్రశ్న అన్నది రెండు పేజీల్లో రాసి దరఖాస్తు సిద్ధం చేసుకోండి. అనుమతి కోసం ఎదురుచూసే ఆ నెలల్లో మీ డాకింగ్ పనిని నేను పైన చెప్పిన సరిపోల్చే అణువులతో మళ్లీ మొదటి నుంచి నడపవచ్చు.